క్రోమాభ్యుదయము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఇంగ్లండులో పాత కార్ల పత్రికల చివరి పేజీలు తిరగేస్తే, అమ్మకం ప్రకటనల్లో ఒక రకం బండి మళ్ళీ మళ్ళీ తగులుతుంది. పుట్టింది 1977లో. చూస్తే 1967లో పుట్టినట్టుంటుంది. కింద ఒక మూలన ‘క్రోమ్ బంపర్ కన్వర్షన్’ అని ఒక ముక్క. బండి పేరు ఎంజీబీ. మన హైదరాబాదు, విజయవాడ రోడ్ల మీద తిరిగే హెక్టర్ ముక్కుకున్న ఎనిమిది మూలల బిళ్ళే దీని ముక్కుకీ ఉంటుంది. చుట్టరికం అంతవరకే. అటువంటి ప్రకటనల సారాన్నంతా ఒక ఆటవెలదిలో కుదించి, పెద్దలు కావ్యాలకు రాసిన ఫక్కీలో దానికి టీక కడుతున్నాను. మూలం ఎంత చిన్నదైతే వ్యాఖ్య అంత పెద్దదవడం మనకు కొత్త కాదు.

మూలము

పాత మోము తొడిగి పరుగెత్తు నెంజీబి
క్రోము బంపరులవి కొత్తవైన
నిజము దాచలేదు నే చెప్పుచున్నాను
ఎత్తు తగ్గలేదు, ఎంచి కొనుడు

ప్రతిపదార్థము

పాత మోము = 1962 మొదలు 1974 వరకు చెల్లిన ముఖమును; తొడిగి = పుట్టుకతో రానిది గనుక పైనుండి బిగించుకొని; పరుగెత్తు = మలుపులలో కొంచెము ఒరుగుచు పరుగిడునట్టి; ఎంజీబి = ఆ పేరు గల రెండు తలుపుల స్పోర్ట్స్ కారు; క్రోము బంపరులు + అవి = తళతళలాడు ఉక్కు బంపరులు; కొత్తవి + ఐన = మొన్నమొన్న కొన్నవే అయినప్పటికిని; నిజము = 1977 నాటి పుట్టుక; దాచలేదు = మరుగుపరచలేదు; నే = యజమానినైన నేను; చెప్పుచున్నాను = అడుగకముందే తెలుపుచున్నాను; ఎత్తు = నేలకును బండి అడుగుకును నడుమ గల దూరము; తగ్గలేదు = తగ్గింపబడలేదు; ఎంచి = వంగి చూచి; కొనుడు = కొనుక్కొనుడు.

తాత్పర్యము

బండి తర్వాతి తరానిది, ముఖం మాత్రం ముందటి తరానిది. బంపర్లు మార్చాను, ఎత్తు మార్చలేదు. ఆ సంగతి నేనే ముందుగా చెబుతున్నాను, చూసుకుని కొనండి.

విశేషములు

“పాత మోము.” ముఖం ఎందుకు మారిందో తెలియనిదే తొడగడంలోని ఆర్తి తెలియదు. థేమ్స్ ఒడ్డున ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో 1962లో ఎంజీబీ తయారీ మొదలైంది. 1798 సీసీ ఇంజను, నిలువు పలకల గ్రిల్లు, సన్నని క్రోమ్ బంపర్లు. బండి తయారయ్యేది ఇంగ్లండులోనే అయినా ఎక్కువభాగం అమ్ముడుపోయింది అమెరికాలో. ఆ అమెరికా ప్రభుత్వమే 1973 మోడళ్ళ నుంచి వర్తించేలా ఒక శాసనం చేసింది: గంటకు 5 మైళ్ళ వేగంతో గోడకు గుద్దుకున్నా బండి దీపాలూ భద్రతకు సంబంధించిన భాగాలూ చెక్కుచెదరకూడదు. సన్నని క్రోమ్ బంపరుకు ఆ శక్తి లేదు. కంపెనీ యజమాని అయిన బ్రిటిష్ లేలండ్ దగ్గర కొత్త బండి గీయించడానికి డబ్బూ లేదు. ముందు, 1974 మోడల్‌కి అమెరికా వెళ్ళే బండ్ల బంపర్ల మీద పెద్ద పెద్ద నల్లటి గుబ్బలు తగిలించారు. వాటికి 1950ల నాటి తార సబ్రీనా పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో ఈ టీకాకారుడు వివరించబోడు. శృంగారం ఈ పద్యానికి అంగం కాదు. ఆ గుబ్బలూ చాలక, 1974 శరదృతువులో ముందూ వెనకా నల్లటి దిమ్మలు అమర్చారు. లోకం వాటిని రబ్బరు బంపర్లంటుంది. నిజానికి లోపల ఉక్కు, పైన పాలీయురెథేన్. అమెరికా కోసం చేసిన ఆ మార్పు ఇంగ్లండులో అమ్మే బండ్లకూ వచ్చిపడింది. చట్టం ఒక దేశానిది, ముఖం వాచింది అందరికీ.

1982లో అమెరికా ఆ 5 మైళ్ళ నిబంధనను సగానికి తగ్గించింది. ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1980 అక్టోబరులోనే మూతపడింది.

“తొడిగి.” ఇది ఈ పద్యంలో అందరూ తేలిగ్గా దాటిపోయే మాట. నల్ల దిమ్మ విప్పి క్రోమ్ బంపరు బోల్టులతో బిగిస్తే అయిపోతుందనుకునేవాళ్ళు ‘తొడిగి’కి ‘తగిలించి’ అని అర్థం చెబుతారు. అది పొరపాటు. రబ్బరు బంపరు బండిలో ఇండికేటర్ దీపాలు బంపర్లోనే ఉంటాయి. క్రోమ్ బండిలో గ్రిల్లుకి రెండు పక్కలా, రెక్కల ముందు భాగంలో ఉంటాయి. అంటే దిమ్మ తీశాక దీపాలకు చోటే లేదు. రెక్కలు మార్చాలి, లేదా ముందు భాగం కోసి కొత్త రేకు అతకాలి. బంపరు కింద కనబడే రేకు పాత బండిలో ఒక తీరు, కొత్త బండిలో దిమ్మ మాటున దాగేది గనుక మరో తీరు. వెనక రెక్కల కింది కొసలదీ అదే కథ. ఆపైన బంపరును మోసే ఇనుప బ్రాకెట్లు, గ్రిల్లు, దాని చట్రం. ఇదంతా అయ్యాక రంగు. కోసినచోట రేకు తుప్పు పట్టి ఉంటే అది ఇంకో కాండ. కనక ఇక్కడ ‘తొడిగి’ అంటే ‘కోసి, అతికి, రంగు వేసి’ అని చెప్పుకోవాలి. ఒక క్త్వార్థకంలో మూడు నెలల పని దాగి ఉంది.

ఇంతకీ ఏ పాత మోము? ఎంజీబీకి క్రోమ్ కాలంలోనే మూడు ముఖాలున్నాయి. 1962 నాటి నిలువు పలకల గ్రిల్లు, 1970 మోడల్‌కి వచ్చిన లోపలికి నొక్కుకుపోయిన నల్ల గ్రిల్లు, 1973 మోడల్‌కి వచ్చిన క్రోమ్ అంచు నల్ల జల్లెడ. ముఖం మార్చుకునేవాళ్ళు చాలామంది మొదటిదాన్నే కోరుకుంటారు. అందులో తప్పులేదు, అందమైనది అదే. కాని 1977 బండి లోపల కొత్త డాష్‌బోర్డు, సముద్రతీరపు మడత కుర్చీల గుడ్డలాంటి చారల సీట్లు ఉంటాయి. బయట 1962, లోపల 1977. దీన్ని కాలవిరోధ దోషమంటారు. జల్లెడ గ్రిల్లు పెట్టుకుని ఉంటే విరోధం నాలుగైదేళ్ళకు తగ్గేది. టీకాకారుడి అభిమతం జల్లెడ వైపే. కాని ఈ విషయంలో లోకం అతని మాట వినడం లేదు.

“పరుగెత్తు.” ఇక్కడ శంక. పాత బండి కావాలనుకుంటే పాత బండే కొనొచ్చు గదా, ఈ వేషం ఎందుకు? సమాధానం రెండు విధాలు. ఒకటి ధర. క్రోమ్ బండ్లు ఖరీదు, రబ్బరు బండ్లు చవక. రెండోదే అసలు రహస్యం. మొదటి ఐదేళ్ళ బండ్లలో ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా ఫస్ట్ గేరు వేయాలంటే ఒడుపు కావాలి. సీట్ల వెనక 6 వోల్టుల బ్యాటరీలు రెండు ఉండేవి. ఒకటి చచ్చినా బండి చచ్చినట్టే. రబ్బరు బండ్లలో వాటి బదులు 12 వోల్టులది ఒక్కటే. ముఖం మార్చుకున్న 1977 బండికి అందం తాతది, గేరుపెట్టె మనవడిది. వారం వారం నడిపేవాడికి ఇదే సుఖం. మ్యూజియం వాళ్ళ సంగతి వేరు.

“నిజము దాచలేదు.” ఈ పాదం దగ్గర ఆలంకారికులు రెండుగా చీలుతారు. ఒక వస్తువును చూసి మరొకటని పొరబడడం భ్రాంతిమదలంకారం గనుక, దారిన పోయేవాడు దీన్ని 1967 బండి అనుకుంటాడు గనుక, ఇది భ్రాంతిమంతమని కొందరు. అది నిలవదు. భేదం తెలిసీ అభేదం చెప్పడం రూపకం. కవి ‘చెప్పుచున్నాను’ అని చెప్పాడు గనుక ఇది రూపకమే. చెప్పకుండా అమ్మి ఉంటే భ్రాంతిమదలంకారం, ఆపైన వినియోగదారుల కోర్టు.

పైగా బ్రిటన్‌లో నెంబరు పలకే నిజం చెప్పేస్తుంది. ఆ రోజుల్లో నెంబరు చివరి అక్షరం పుట్టిన కాలాన్ని తెలిపేది. 1977 ఆగస్టు నుంచి ఏడాదిపాటు రిజిస్టరైన బండికి ఎస్. 1972 ఆగస్టు నుంచి ఏడాదికి ఎల్. క్రోమ్ ముఖం కింద ఎస్ కనబడితే తెలిసినవాడికి అంతా తెలిసిపోతుంది. అయితే ఆ దేశపు చట్టంలో ఒక విచిత్రం ఉంది: పాత బండికి కొత్త కాలపు నెంబరు పెట్టి వయసు తగ్గించకూడదు, కొత్త బండికి పాత నెంబరు తెచ్చుకుని వయసు పెంచుకోవచ్చు. మనుషుల్లో పెళ్ళిచూపుల నాడు నడిచే పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. 1980 జనవరికి ముందు తయారై, చారిత్రక వాహనంగా నమోదైన బండికి పాతకాలపు నల్ల పలక మీద వెండి అక్షరాలు పెట్టుకునే హక్కూ ఉంది. కనక ఎస్ నెంబరు బండి కూడా నల్ల పలక పెట్టుకోవచ్చు. అక్షరం నిజం చెబుతుంటే, పలక దాన్ని కప్పడానికి తంటాలు పడుతుంది.

“ఎత్తు తగ్గలేదు.” పద్యానికి ప్రాణం ఇక్కడుంది. మొదటి మూడు పాదాలూ దీనికి ఉపోద్ఘాతమే. రబ్బరు బంపరును లోకమంతా తిట్టింది. నల్లగా ఉందని, లావుగా ఉందని, ఎంజీబీకి మూతి వాచినట్టుందని. నిజమే. కాని 1974లో జరిగిన అసలు అపరాధం బంపరు కాదు, దాని వెనక నిశ్శబ్దంగా జరిగిన రెండో పని. అమెరికా నిబంధనల ప్రకారం దీపాలూ బంపర్లూ నేల నుంచి తగినంత ఎత్తున ఉండాలి. ముఖం తిరగ్గీసే డబ్బు లేక కంపెనీ మొత్తం బండినే పైకెత్తింది. ఎంత? ఇక్కడ పాఠాంతరం ఉంది: కొన్ని గ్రంథాల్లో అంగుళం, కొన్నిటిలో ఒకటిన్నర అంగుళం. ఏ పాఠం తీసుకున్నా రసభంగం ఒకటే. స్పోర్ట్స్ కారు బరువు నేలకు దగ్గరగా ఉండాలి. పైకెత్తితే మలుపులో ఒళ్ళు ఒరుగుతుంది. దానికి తోడు బంపర్ల బరువు బండి రెండు కొసల్లో చేరింది. ఇది చాలదన్నట్టు 1975 మోడల్ రోడ్‌స్టర్లలో ముందు యాంటీ రోల్ బార్ తీసేశారు, ఖర్చు కలిసొస్తుందని. మలుపుల్లో ఒరగకుండా రెండు వైపుల సస్పెన్షన్‌నీ కలిపి పట్టుకునే కడ్డీ అది. బండిని ఎత్తి, పట్టుకున్న చెయ్యి వదిలేశారన్నమాట. 1977 మోడల్‌కి బుద్ధి వచ్చి ముందు కడ్డీ తిరిగి పెట్టారు, వెనక కూడా ఒకటి చేర్చారు. కనక మన పద్యంలోని బండికి కడ్డీలు రెండూ ఉన్నాయి. ఎత్తు మాత్రం అలాగే ఉంది.

ముఖం మార్చినవాడు ఎత్తు ఎందుకు తగ్గించలేదు? ఎత్తు ఫొటోలో కనబడదు, క్రోమ్ కనబడుతుంది. వెనక అంత కష్టం లేదు: వంపు తక్కువ ఉన్న పట్టీ స్ప్రింగులు వేయొచ్చు, లేదా స్ప్రింగుకీ యాక్సిలుకీ నడుమ దిమ్మలు పెట్టొచ్చు. ముందు వైపుకి పొట్టి కాయిల్ స్ప్రింగులు చవక దారి. ముందు సస్పెన్షన్‌ను మోసే క్రాస్ మెంబరును పాత బండిది తెచ్చి బిగించడం శాస్త్రీయమైన దారి, కాని దానితోపాటు స్టీరింగ్ సంగతీ చూసుకోవాలి. ఇవన్నీ బండి కింద పడుకుని చేసే పనులు. తిన్నగా నిలబడి చూసేవాడు వీటిని మెచ్చుకోడు. కాని నడిపేవాడికి మొదటి మలుపులోనే తెలుస్తుంది. పాత ముఖం, కొత్త ఎత్తు ఉన్న బండిని కొంచెం దూరం నుంచి చూడండి: చక్రాలకీ రెక్కలకీ నడుమ ఖాళీ ఎక్కువై, పంచె పైకి కట్టినవాడిలా కనబడుతుంది. తెలిసినవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది. అలంకారం చేసి రసం మరిచిన కావ్యం అది.

ఈ వ్యాధి ఎంజీబీ ఒక్కదానిదే కాదు. అదే శాసనం దెబ్బకు 1974లో పోర్షే 911కీ ముడతల తిత్తులున్న లావు బంపర్లు వచ్చాయి. అక్కడ 1973 కరేరా ఆర్ఎస్ రూపాన్ని 1989 తర్వాతి 964 మోడల్ ఒంటి మీద చెక్కే కళ ఒక పరిశ్రమే అయింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో రాబ్ డికిన్సన్ అనే మాజీ రాక్ గాయకుడు సింగర్ పేరుతో 2009లో పెట్టిన సంస్థ అందులో పేరు మోసింది. వాళ్ళు ముఖంతోపాటు కింద ఉన్నదంతా విప్పి మళ్ళీ కట్టేస్తారు కనక, వాళ్ళ పద్యంలో నాలుగో పాదం వేరుగా ఉంటుంది. ఆ ధర చెబితే ఆటవెలది చాలదు, సీసం కావాలి.

దోషవిచారము

నాలుగో పాదంలో ‘లేదు, ఎంచి’ అన్నచోట ఉత్వ సంధి జరగవలసి ఉండగా జరగలేదు. ఇది విసంధి దోషం. రెండు ముక్కల మధ్య వెల్డింగు పడలేదని స్పష్టంగా కనబడుతోంది. ‘నెంజీబి’లో వచ్చిన నకారం వ్యాకరణ సమ్మతమే, ఆంగ్లేయులు నొచ్చుకోనక్కర్లేదు. బండి పేరులోని దీర్ఘాన్ని ఛందస్సు కోసం హ్రస్వం చేశారు. కంపెనీ బండినే పొడుగు చేసిన చోట కవి పేరును పొట్టి చేయడం అపరాధమేమీ కాదు.

కొనబోయేవారికి మనవి

ఇటువంటి బండి చూడ్డానికి పోతే బంపరులో మీ ముఖం చూసుకుని మురిసిపోకండి. మోకాళ్ళ మీద కూర్చుని, వెనక స్ప్రింగు వంపు చూడండి. దీపాల చుట్టూ, రెక్కల కొసల దగ్గర అతికిన రేకు చేత్తో తడమండి. ‘ఎత్తు తగ్గించారా?’ అని అడగండి. తగ్గించలేదంటే ఆ పని ఖర్చు ధరలోంచి తీసేయమనండి. మీ దగ్గరే రబ్బరు బంపరు బండి ఉండి, జేబులో ఒక్క పనికే డబ్బుంటే, స్ప్రింగులు మార్చండి. ముఖం జోలికి పోకండి.