సుమోకి మూడో ప్రమాద హెచ్చరిక

తెలుగు సినిమాల్లో టాటా సుమోలు చేసినన్ని సాహసాలు హీరోలు కూడా చేసి ఉండరు. పదేసి బండ్లు దుమ్ము లేపుకుంటూ వరసగా వచ్చేవి. బాంబు పడితే గాల్లోకి లేచేవి, పల్టీలు కొట్టేవి, తగలబడేవి. ఇన్ని సినిమాల్లో ఒక్క సుమో అయినా దారి పక్కన ఆగి, డ్రైవరు బానెట్ లేపి, "అన్నా, ఆయిల్ ప్రెషర్ పడిపోయింది, కత్తులు కాసేపు కింద పెట్టండి" అన్న పాపాన పోలేదు. ఆ సీను మా మామగారి సుమో కోసం అట్టేపెట్టారు.

మామగారు సింగరేణిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అప్పుడొచ్చిన డబ్బులో కొంత పెట్టి కొన్న సెకండ్ హ్యాండ్ బండి అది. టర్బో లేని పాత 483 ఇంజను: నాలుగు సిలిండర్లు, 83 మిల్లీమీటర్ల బోరు, 1,948 సీసీ. ఎత్తు వస్తే ఆయాసపడుతుంది గానీ ఆగిపోదు. ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాక బండి ఖమ్మంలో మా ఇంటికి చేరింది. ఖర్చులు నావి, అధికారాలు ఆయనవి. బ్రేకు నేను వేస్తాను, ఎప్పుడు వేయాలో పక్క సీట్లోంచి ఆయన చెబుతారు.

మే నెలలో భద్రాచలం ప్రయాణం పెట్టిందీ ఆయనే. ఎండల వార్తల్లో కొత్తగూడెం పేరు రాని వేసవి ఉండదని తెలిసి కూడా, "రాముడి దర్శనానికి ఎండేంటి, వానేంటి" అన్నారు. ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లి అత్తయ్యనీ మామయ్యనీ ఎక్కించుకుని పాల్వంచ చేరేదాకా బండి బుద్ధిగానే ఉంది. పాల్వంచలో స్పీడు బ్రేకర్ దగ్గర నెమ్మది చేయగానే డాష్‌బోర్డు మీద ఎర్రగా ఏదో మినుకుమంది. యాక్సిలరేటర్ తొక్కితే పోయింది.

"ఏమండీ, ఆ కొమ్ముచెంబు ఎందుకు వెలిగింది?" అంది మా ఆవిడ వెనక సీట్లోంచి.

చూస్తే అచ్చంగా కొమ్ముచెంబు బొమ్మే, కొమ్ము చివర ఒక చుక్కతో సహా. జగన్నాథపురం పెద్దమ్మ తల్లి గుడి దగ్గర బండి ఆపాను. అక్కడ ఆగని బండి ఆ దారిలో ఎలాగూ ఉండదు. అత్తయ్య నిమ్మకాయలు కొనడానికి వెళ్లింది. మామయ్య బానెట్ లేపించారు. మన దేశంలో బానెట్ లేస్తే చాలు, పేరంటానికి పిలిచినట్టు జనం వస్తారు. పైగా ఎవరూ ఖాళీ చేతులతో రారు, తలా ఒక రోగం పేరు తెస్తారు.

ముందు వచ్చింది ఒక ట్రాక్స్ డ్రైవరు. "లైటేగా సార్? కింద వైరు ఉంటది, పీకెయ్యండి. నా బండికి పీకి మూడేళ్లయింది, ఇంతవరకూ ఏ బాధా లేదు" అన్నాడు. వైరు పీకితే లైటు వెలగదన్నది శాస్త్రీయంగా తిరుగులేని మాట. అశ్వారావుపేట వైపు నుంచి వచ్చిన ఒక పామాయిల్ రైతు ఆయిల్ అన్న మాట వినబడగానే దగ్గరికొచ్చి, మా ఇంజన్ సంగతి వదిలేసి ఈ ఏడు గెలల ధర ఎంతకు దిగిందో చెప్పి వెళ్లాడు. ఇంకొకాయన 90 నంబరు గేర్ ఆయిల్ అరలీటరు కలిపితే ప్రెషర్ దానంతటదే లేస్తుందన్నాడు. బండి పాతదైతే సన్నాయిల్ పనికిరాదట, ముద్దలా ఉండాలట. చివరికి ఒక పెద్దమనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, లోపలికి తొంగి కూడా చూడకుండా, "బోరుకొచ్చింది. ఇంజను దింపాల్సిందే" అని తీర్పిచ్చాడు. ఊరూరా ఇలాంటి ఆయన ఒకరుంటారు. ఆయన దగ్గర అన్ని జబ్బులకీ ఒకటే మందు.

మామయ్య ఇవేవీ పట్టించుకోలేదు. డిప్ స్టిక్ లాగి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, మళ్లీ ముంచి తీశారు. పై గీత దాటి ఆయిల్ ఉంది. ఆయన మొహం విప్పారింది.

"చూశావా అల్లుడూ! పోయిన నెల మధ్యలో ఉన్నది ఇవాళ ఫుల్లు దాటింది. బండి ఆయిల్ తాగడం కాదు, పైపెచ్చు ఇస్తోంది."

"అమ్మవారి మహిమ" అంది అత్తయ్య, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడుతూ.

"ఆయిల్ ఎలా పెరుగుతుంది నాన్నా?" అంది మా ఆవిడ. ఆ ప్రశ్నకి ఆ చుట్టూ ఉన్న జనంలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. మామయ్యయితే విననట్టే బానెట్ దించారు.

నిమ్మకాయలు తొక్కించుకుంటూ అడవి దారిలోకి దిగాం. వేగంగా వెళ్తున్నంతసేపూ చెంబు ఆరిపోయే ఉంది. సారపాక దగ్గర పేపరు మిల్లుకు కట్టెలు తోలే లారీలు బారులు తీరి, మేం కదలకుండా నిలబడాల్సొచ్చింది. అప్పుడు చెంబు మినుకుమినుకుమనడం మానేసి నిలకడగా వెలిగింది. ఇంజన్ ఆపేశాను. మామయ్య ఏదో అనబోయి, ఏసీ లేని బండిలో ఆ ఎండకి మాట రాక ఊరుకున్నారు. దారి ఖాళీ అయ్యాక, ఇంజన్ కాస్త చల్లారాక, గోదావరి వంతెన దాటి చర్ల రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ముందు తేలాం.

ఆ షెడ్డు చూస్తేనే ధైర్యం వచ్చింది. కొత్త కారు ఒక్కటీ లేదు. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం దారుల్లో సంతలకు జనాన్ని మోసే ముసలి జీపులూ ట్రాక్సులూ మాత్రమే ఉన్నాయి. సీట్ల లెక్కకి రెండింతలు మనుషులు, టాపు మీద కోళ్ల గంపలు, ఇప్పపువ్వు బస్తాలు వేసుకుని తిరిగే బండ్లను బతికించే మనిషికి మా సుమో ఒక లెక్క కాదు. మెకానిక్‌కి యాభై దాటి ఉంటాయి. లుంగీ, చెవి మీద పెన్సిలు. మామయ్య చెప్పుకొచ్చిన చరిత్రంతా విని, "లైటు చెప్పేది నేను నమ్మను, పెద్దాయనా. ముందు కొలుద్దాం" అన్నాడు.

ఇంజను పక్కన ప్రెషర్ స్విచ్ విప్పి, అదే రంధ్రంలో రబ్బరు గొట్టం ఉన్న గేజ్ ఒకటి బిగించాడు. దాని అద్దం పగిలింది, ముల్లు మాత్రం బాగానే ఉంది. ఇంజను వేడిగా ఉండగా స్టార్ట్ చేయించాడు. ఐడ్లింగ్‌లో ముల్లు అర కిలో కూడా అందుకోలేదు. రేజ్ చేస్తే కిలోన్నర దాటి, ఇక పైకి పోనంది.

"స్విచ్ పాడై లైటు ఊరికే వెలగడం చాలా బండ్లకి ఉంటది. మీది నిజంగానే తక్కువుంది" అన్నాడు. ఈ పాత ఇంజన్లకి వేడి మీద ఐడ్లింగ్‌లో కిలో, రన్నింగ్‌లో మూడు కిలోలు ఉంటే దిగుల్లేదట.

"ఆయిల్ ఫుల్లుగా ఉందయ్యా!" అన్నారు మామయ్య.

మెకానిక్ నవ్వాడు. భద్రాచలంలో పుట్టిన మనిషికి మట్టం సంగతి కొత్తగా చెప్పాలా? ఆ ఊళ్లో చిన్నపిల్లాడికి ఎక్కాలు రాకపోయినా మూడు అంకెలు వస్తాయి. గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 వచ్చి, పెద్దవాళ్లు ముప్పయ్యారేళ్లుగా చెబుతున్న కథను పిల్లలకు కళ్లారా చూపించింది.

"గోదావరికి మూడు హెచ్చరికలున్నాయి సార్. మొదటిదానికి సామాను సర్దుకుంటాం, రెండోదానికి పైకెక్కిస్తాం, మూడోదానికి మనమే లేచి పోతాం. మీ బండికి రన్నింగ్‌లో రెండు కిలోలకి పడితే మొదటిది అనుకోండి, కిలోకి పడితే రెండోది. ఆ రెండింటికీ డాష్‌బోర్డు మీద గుర్తే లేదు. అర కిలో దగ్గర లైటు వెలుగుతుంది చూశారా, అది నేరుగా మూడోది. రన్నింగ్‌లో వెలిగిందనుకోండి, ముందు ఇంజన్ ఆపాలి, ఆలోచన తర్వాత."

ఇక ఎందుకు తగ్గిందన్నది. పంపు చేసే పని ఆయిల్‌ని తోయడం వరకే. క్రాంకుకీ బేరింగ్ మెటల్స్‌కీ మధ్య వెంట్రుక కన్నా సన్నని సందులో ఆ ఆయిల్ ఇరుక్కుని అడ్డం పడితే ప్రెషర్ పుడుతుంది. మెటల్స్ అరిగి సందు పెరిగినా, ఆయిల్ పలచబడినా జారిపోతుంది. అలాంటి బండికి పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగుండి, వేడెక్కాక పడుతుంది. చల్లటి ఇంజన్‌లోనే లేదంటే పంపు అరిగి ఉండాలి, లేదా ఛాంబర్‌లో స్ట్రెయినర్‌కి మడ్డి పట్టి ఉండాలి, అదీ కాకపోతే రిలీఫ్ వాల్వ్ కింద చెత్త ఇరుక్కుని ఉండాలి. మాది మొదటి రకం. మెటల్సా, ఆయిలా?

ఆయన పాత దినపత్రిక ఒకటి తెచ్చి బానెట్ మీద పరిచాడు. డిప్ స్టిక్ చివర నుంచి ఒక్క చుక్క దాని మీద వేశాడు. పక్కనే కొత్త ఆయిల్ చుక్క ఇంకొకటి. అందరం వంగి చూస్తున్నాం. కొత్త చుక్క పడ్డచోటే పెద్దమనిషి తరహాగా కూర్చుంది. మాది మధ్యలో నల్లగా ఉండి, దాని చుట్టూ పలచటి తడి వలయం గబగబా పాకి, వారఫలాల శీర్షికలో మామయ్య రాశి మీదుగా నా రాశిలోకి వచ్చింది. తడిసి మిగిలినంతలో "అనుకోని వ్యయం" అన్న ముక్క స్పష్టంగా కనబడింది.

మెకానిక్ వేలితో కొంచెం ఆయిల్ తీసి మామయ్య ముక్కు దగ్గర పెట్టాడు. సింగరేణిలో ముప్పయ్యేళ్లు చేసిన ముక్కు అది.

"డీజిల్!" అన్నారు మామయ్య. అన్నాక మా ఆవిడ వైపు చూడలేదు.

ఏదో ఒక నాజిల్ కారుతోందన్నమాట. మండాల్సిన డీజిల్ బొట్లుబొట్లుగా సిలిండర్ గోడల మీంచి ఛాంబర్‌లోకి దిగి ఆయిల్‌ని పెంచింది, దాంతోపాటే పలచన చేసింది. మైలేజీ తగ్గడానికి నా డ్రైవింగే కారణమని మామయ్య నెలలుగా చేస్తున్న వాదన అక్కడితో కొట్టుడుపోయింది. "ఇంకా పెరగనిస్తే ఆ ఆయిలే బ్రీదర్ గొట్టంలోంచి లోపలికి లాక్కుని, తాళం తీసేసినా ఇంజను ఆగదు సార్" అన్నాడు మెకానిక్. మహిమ అంటే అత్తయ్య అనుకున్నది బహుశా ఇది కాదు.

ఒక్కో నాజిల్‌కి వచ్చే పైపు నట్టు పానాతో వదులు చేస్తూ పోయాడు. మూడింటికి ఇంజను తూలింది. ఒకదానికి చలించలేదు. ఉన్నా లేకపోయినా ఒకటే అయిన మనిషిని ఆఫీసులో పట్టుకోవడానికి ఇంత తేలికైన పద్ధతి ఎవరూ కనిపెట్టలేదెందుకో. నాజిళ్లు నాలుగూ తీసి చేతి పంపు టెస్టర్ మీద పెట్టాడు. మంచి నాజిల్ కిర్రుమంటూ పొగమంచులా చల్లుతోంది. దోషి మాత్రం చప్పుడు లేకుండా చుక్కలు రాలుస్తోంది. మామయ్య ముచ్చటపడి ఆ పొగమంచులో వేలు పెట్టబోతే మెకానిక్ చెయ్యి పట్టి లాగేశాడు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి దూసుకుపోతుందట, తర్వాత ఆస్పత్రే.

ఛాంబర్ నట్టు విప్పి దించిన ఆయిల్‌ని పళ్లెంలో పోసి ఎండకి అటూ ఇటూ వంచి చూశాడు. రాగి రంగు మెరుపు ఎక్కడా లేదు, మెటల్స్ బతికే ఉన్నాయి. కొత్త నాజిల్, కొత్త ఫిల్టర్, 15డబ్ల్యు-40 ఆయిల్. మళ్లీ వేడెక్కించి గేజ్ పెడితే ఐడ్లింగ్‌లో ముల్లు కిలో దాటింది, రేజ్ చేస్తే మూడు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఇంజను దింపమన్న పెద్దమనిషి ఆ టైములో ఇంకే బానెట్ పక్కన ఉన్నాడో!

టెస్ట్ డ్రైవ్‌కి బయల్దేరి రెండో గేరు మూడో గేరు అయ్యేలోపు రాష్ట్రం దాటాం. 2014లో పోలవరం కోసం మండలాలు అటు వెళ్లాక ఏటపాక ఆంధ్రప్రదేశ్, దాని పక్కనే భద్రాచలం తెలంగాణ. తిరిగి వస్తూ మెకానిక్ ధైర్యంగా ప్రకటించాడు: "రెండు రాష్ట్రాల్లోనూ ప్రెషర్ బాగుంది సార్."

బిల్లు దగ్గర మామయ్య బేరానికి దిగారు. దిగడానికి ఆ ఊరు సరైనదే. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టి, గోల్కొండ జైల్లో కూర్చుని, చేయించిన నగ నగకీ రాముడికి పద్దు చెప్పి నిలదీసింది ఈ గుడి విషయంలోనే. కానీ మెకానిక్ రాముడు కాదు. చెవి మీది పెన్సిలు తీసి, అదే దినపత్రిక అంచున నాజిల్, ఫిల్టర్, ఆయిల్, కూలీ అని రాసి, కింద గీత గీసి, రూపాయి తగ్గించలేదు.

డబ్బు నేనిచ్చాను. మామయ్య పళ్లెంలోని నల్ల ఆయిల్ వైపే చూస్తున్నారు.

"ఆ పాత ఆయిల్ డబ్బాలో పోసివ్వు బాబూ. ఇంటి దూలాలకి చెదలు పట్టాయి."

"అంత కంపు బండిలో ఎందుకు నాన్నా?" అంది మా ఆవిడ.

"సగం మన డీజిలేనమ్మా అది, పంపులో లీటరు ఎంతుందో చూశావా?" అంటూ ఆయన డబ్బా మూత బిగించి, అత్తయ్య కాళ్ల దగ్గర కొబ్బరికాయల సంచి పక్కన జాగ్రత్తగా నిలబెట్టారు.