బోర్లాపడ్డ వీరుడు

పుస్తకం అట్ట మీద నా పేరే ముందుండాలి. పుస్తకం ఏదని అడక్కండి, అది తర్వాతి సంగతి. ఒక్క వాక్యం రాయకముందే నేనూ మా తమ్ముడూ కొన్నాళ్లు మాట్లాడుకోకుండా ఉన్నది ఈ పేరు కోసమే. సొంత తమ్ముడు కాడు, కథల వల్ల దొరికిన తమ్ముడు. నాది కామారెడ్డి. అతనిది ఎల్లారెడ్డి, బడిలో లెక్కల సారు. ఆదివారం అనుబంధాల్లో ఇద్దరి కథలూ పక్కపక్క పేజీల్లో పడి పరిచయమయ్యాం. అప్పుడు కూడా ఎవరి కథకు పెద్ద బొమ్మ వేశారో నేను స్కేలు పెట్టి కొలిచిన మాట నిజం. మీరైతే కొలవరా? కంటితోనైనా కొలుస్తారు.

"అన్నా, అకారాది ప్రకారం చూడు. ఎ ముందొస్తదా, క ముందొస్తదా?" అన్నాడతను. లెక్కల సారుతో పెట్టుకుంటే ఇదే బాధ.

"తమ్మీ, 2016 అక్టోబర్ 11 నుంచి మాది జిల్లా కేంద్రం. మీది మా కింద డివిజన్. పైగా మాకు రైలుంది."

"మాకు పోచారం చెరువుంది. జింకలున్నయి."

నవలకూ రైలుకూ సంబంధమేంటని మీకు రావాల్సిన అనుమానం ఆ రోజు నాకు రాలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి అన్నదమ్ములని, వాళ్ల పేర్ల మీదే రెండూళ్లూ వెలిశాయని మా దగ్గర పెద్దలు చెప్తారు. ఆ అన్నదమ్ములు కూడా ఇట్లా కొట్లాడుకునే వేర్వేరు ఊళ్లు కట్టుకున్నారేమో.

నాకు చదువు లేక కాదు. తిరుపతి వేంకట కవుల సంగతి నాకు బాగా తెలుసు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1870లో పుట్టారు, దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1872లో. జంట పేరులో చిన్నవారిదే ముందు. తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా వేంకటశాస్త్రి గారు ఆ జంట పేరు వదల్లేదు. ఇంకా దాసరి సుబ్రహ్మణ్యం గారున్నారు. 1954లో చందమామలో 'తోకచుక్క' మొదలుపెట్టి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాంత్రికులనూ రాక్షసులనూ నడిపించి, నాలాంటి పిల్లలందరికీ నెలనెలా నిద్ర లేకుండా చేశారు. ఆ సీరియల్ మీద ఆయన పేరు వేసేవారే కాదు. ఇవన్నీ సభల్లో మైకు పట్టుకుని నేనే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంటికొచ్చి మాత్రం నా పేరు ముందు పెట్టి, వెనక పెట్టి, తెల్లకాగితం మీద రాసి చూసుకునేవాణ్ని. ముందుంటేనే బాగుండేది.

అసలీ నవల పురుగు తమ్ముడి వల్లే పుట్టింది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని ఒక ఆట తెచ్చారట. బల్ల చుట్టూ కూర్చుని ఒకడు మంత్రగాడు, ఒకడు యోధుడు, ఒకడు దొంగ. పాచికలు పడ్డదాన్ని బట్టి కథ నడుస్తుంది. ఆ ఆట అమ్మే కంపెనీలోనే ట్రేసీ హిక్‌మన్ అనే ఆయన, మార్గరెట్ వైస్ అనే సంపాదకురాలు కలిసి, ఆడిన ఆటను నవలలుగా రాశారు. 1984లో డ్రాగన్‌లాన్స్ మొదటి పుస్తకం వచ్చింది. ఇక వరసగా వస్తూనే పోయాయి, లక్షల్లో అమ్ముడుపోయాయి. కెనడాలో స్టీవెన్ ఎరిక్సన్, ఇయాన్ ఎస్లెమాంట్ అనే ఇద్దరు స్నేహితులు కూడా తాము ఆడుకున్న ఆటలోంచే మలజాన్ అనే లోకం కట్టారు. వాళ్లు తెలివైనవాళ్లు, ఎవరి పుస్తకాలు వాళ్లు రాసుకున్నారు. ఎరిక్సన్ ఒక్కడే 1999 నుంచి 2011 దాకా పది సంపుటాలు పూర్తి చేశాడు.

తమ్ముడు ఇదంతా చెప్తుంటే నా చెవిలో పడ్డవి రెండే మాటలు. లక్షలు, పది సంపుటాలు. డ్రాగన్‌లాన్స్‌లో రెయిస్ట్లిన్ అనే మంత్రగాడి గుసగుస గొంతు ఎవరూ ముందుగా ఆలోచించి పెట్టింది కాదని, ఆడుతున్నప్పుడు ఒక స్నేహితుడు అట్లా బొంగురుగా మాట్లాడితే దాన్నే ఉంచేశారని కూడా చెప్పాడు. రెండో పుస్తకంలో స్టర్మ్ అనే మంచి యోధుణ్ని చంపేశారని, పాఠకులు గొల్లుమన్నారని చెప్పాడు. అవి విని ఉంటే నాకీ తిప్పలు వచ్చేవి కావు. నేనప్పటికే మనసులో పది సంపుటాల ఆవిష్కరణ సభకు అతిథుల్ని పిలుస్తున్నాను.

మన ఆట ఏదని వెతుక్కోనక్కర్లేకపోయింది. అష్టాచెమ్మా. అయిదు వరసలు, అయిదు నిలువులు, ఇరవై అయిదు గళ్లు. బయటి వరసలో పదహారు, లోపల ఎనిమిది, నడుమ ఒకటి. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత. నాలుగూ వెల్లకిలైతే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఎదుటివాడి కాయను ఒక్కటైనా కొడితే తప్ప లోపలి వరసలోకి పోనివ్వరు. ఒకసారి నిదానంగా ఆలోచించండి. హత్య చేయనిదే లోపలికి దారి లేని కోట! ఇంతకన్నా భయంకరమైన మాయాలోకం ఏ దేశంలో ఎవరు కట్టారు? మన ఆడవాళ్లు అన్నాలు తిని, అరుగు మీద సుద్దతో గీసి, నవ్వుకుంటూ ఆడేశారు, అంతే.

సిరీస్‌కు 'గవ్వల కోట' అని పేరు పెట్టాం. అక్కడిదాకా నిజంగానే బాగా నడిచింది. కోటకు దోమకొండ గడికోటను నమూనాగా తీసుకున్నాం, 2022లో యునెస్కో వాళ్ల మెప్పు పొందిన కోట మరి. పాతాళానికి దారి లింగంపేటలోని నాగన్నబావి. ఆ మెట్లు దిగుతుంటే పాతాళం లేదంటే ఎవరూ నమ్మరు. నిజాం వేటాడిన పోచారం అడవి మాయలేళ్లకు సరిపోయింది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ డ్యామును మాత్రం ఎక్కడ పెట్టాలో తేలక, చివరికి జలరాక్షసుణ్ని బంధించిన గోడ చేశాం.

షరతు ఒకటే. గవ్వలు ఏం చెప్తే అదే రాయాలి. ఆదివారాలు నేను లింగంపేట మీదుగా బస్సులో ఎల్లారెడ్డి పోవాలి, వాళ్ల వసారాలో ఆడాలి, ఆ వారం పడ్డ ఆటను అధ్యాయాలుగా పంచుకోవాలి. తగువొస్తే తీర్చేది వాళ్ల నాయనమ్మ. ఆ అవ్వ ఎప్పుడు చూసినా గోడకానుకుని కళ్లు మూసుకునే ఉండేది. నిద్రపోతోందనుకున్నాను. నా మొదటి తెలివితక్కువతనం అదే.

కాదు, మొదటిది ఇంకోటుంది. అట్టకు బొమ్మ వేయడానికి హైదరాబాద్ నుంచి ఒక చిత్రకారుణ్ని పిలిచాను. ఆయన ఫోన్‌లో దారి అడిగితే, "ఎల్లారెడ్డి అని చెప్పండి చాలు, మమ్మల్ని తెలియనివాళ్లుండరు" అన్నాను దర్జాగా. ఆయన నిజామాబాద్ బస్సెక్కి అడ్లూర్ ఎల్లారెడ్డి అనే ఇంకో ఊళ్లో దిగి, చక్కెర ఫ్యాక్టరీ దగ్గర నిలబడి రచయితలెక్కడని చెరకు లారీల వాళ్లను అడిగాడట. మమ్మల్ని తెలియనివాళ్లు ఒక ఊరి నిండా ఉన్నారని ఆ రోజే తెలిసింది. ఆయన మళ్లీ ఫోనెత్తలేదు.

ఇక నా వీరుడు. వాడి పేరు కామసింహుడు. ఆరడుగుల ఎత్తు, సింహం నడుము, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ నాకూ ఉంది, మిగతావి లేవు. తమ్ముడి కాయ పేరు పోశి, గొర్లు కాసుకునే కుంటిపిల్ల. "ఇట్లాంటి పిల్లను పెట్టుకుని పది సంపుటాలు ఎట్లా నడుపుతవ్ తమ్మీ?" అని జాలిపడ్డాను. నా అధ్యాయాల్లో కామసింహుడు పేజీకొకసారి అద్దంలో చూసుకునేవాడు. కోటలో అన్ని అద్దాలెందుకున్నాయని తమ్ముడు అడిగితే శత్రువుల కళ్లు మిరుమిట్లు గొలపడానికి అన్నాను.

ఆ ఆదివారం రానే వచ్చింది. కామసింహుడు బయటి వరసలో దిక్కులేకుండా నిలబడ్డాడు. మూడు పడితే కోటగడిలోకి చేరతాడు, అక్కడ ఎవరూ కొట్టలేరు. రెండు పడితే సరిగ్గా పోశి దెబ్బకు అందే చోటు. గవ్వలు వేశాను. ఒకటి వెల్లకిలా, ఇంకోటి వెల్లకిలా, మూడోది ఎప్పుడో బోర్లా, నాలుగోది గిర్రున తిరిగి, తిరిగి, నా ప్రాణాలన్నీ దానితోపాటు తిప్పి, అదీ బోర్లా పడింది, తమ్ముడు చాయ్ గ్లాసు కోసం అటు తిరిగాడు, అవ్వ కళ్లు మూసుకునే ఉంది, వీధిలో ఎవరూ లేరు, నా చిటికెనవేలు నన్ను అడగనైనా అడక్కుండా ముందుకుపోయింది, గవ్వ అంచు తగిలింది, చిన్నగా టిక్కుమంది, ఆ టిక్కు నిజామాబాద్ దాకా వినిపించినట్టు నా చెవులు గింగురుమన్నాయి, "మూడు!" అని అరిచేశాను.

"మూడెక్కడివి బిడ్డా? రెండే పడ్డయి గదా," అంది అవ్వ, కళ్లు తెరవకుండానే.

"లేదవ్వా, ఫ్యాన్ గాలికి తిరగబడ్డది."

"కరెంటు పోయి గంటైంది."

తల ఎత్తి చూశాను. ఫ్యాన్ రెక్కలు మూడూ ఎవరి దారి వారిదన్నట్టు నిలబడి ఉన్నాయి.

తమ్ముడు ఏమీ అనలేదు. నోట్‌బుక్ తీసి 'మూడు' అని రాసుకున్నాడు. లెక్కల సార్లు తప్పు లెక్కను కూడా ఎంత నీట్‌గా రాస్తారో! ఆ వారం అధ్యాయం అతని వంతు. చదివాను. శత్రువులు చుట్టుముట్టిన వేళ ఎక్కణ్నుంచో గాలి వీచి, కోట తలుపు దానంతటదే తెరుచుకుని, కామసింహుడు లోపలికి పోయాడని రాశాడు. ఆ గాలి ఎక్కడిదో మూడు లోకాల్లో ఎవరికీ అర్థం కాదు, నాకు తప్ప.

చీకట్లో ఒంటరిగా పడుకున్నప్పుడు గుర్తొచ్చే సిగ్గు వేరే రకం. దోమకొండ సీమను ఏలిన కామినేని వారిలో మల్లారెడ్డి స్వయంగా కవి. 'షట్చక్రవర్తి చరిత్ర' ఆయనదే. ఆ ఆరుగురు చక్రవర్తుల్లో నలుడొకడు. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకుని, కట్టుబట్టలతో అడవి పట్టినవాడు. నలుడు కూడా చిటికెనవేలు వాడి ఉంటే? హాయిగా గెలిచి, భోంచేసి, దమయంతితో పడుకుని నిద్రపోయేవాడు. రాయడానికి ఏముంటుంది? ధర్మరాజు గెలిచినా అంతే. తిరుపతి వేంకట కవులకు నాటకాల్లేవు, మన ఊళ్లలో రాత్రంతా పద్యాల్లేవు. వందల ఏళ్ల కిందటే, నేను పుట్టిన గడ్డ మీదే, ఓడినవాడి కథ రాసిపెట్టి ఉంటే నాకు మాత్రం గెలిచే మొగోడే కావాలి. అదీ పుట్టుమచ్చతో.

మళ్లీ ఆదివారం పోయేసరికి అవ్వ స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చుంది. "ఆట ఆడనుంచే మొదలు వెట్టు," అంది. కాయలన్నీ ఆ రోజు ఎక్కడున్నాయో అక్కడే పేర్చి ఉన్నాయి. గవ్వలు గ్లాసులో వేసి ఊపి బోర్లించమంది, నా వేళ్లను దూరంగా పెట్టమంది. గ్లాసు ఎత్తాను. రెండు. తర్వాత పోశి వంతు. కామసింహుడు పోయాడు.

చావు అధ్యాయం రాయడానికి నాకు చేతులు రాలేదు, తమ్ముడే రాశాడు. నాగన్నబావి మెట్ల మీద, చివరి మెట్టున, వాణ్ని కొట్టిన కుంటిపిల్లే వాడి తల ఒళ్లో పెట్టుకుంటుంది. వాడు నీళ్లలో తన ముఖం చూసుకోబోయి, ముందు ఆ పిల్ల దాహానికి నీళ్లు తీసిస్తాడు. ఇన్ని అద్దాలు పెట్టి నేను చేయలేకపోయింది ఒక్క దోసిలితో చేశాడు దుర్మార్గుడు. కామారెడ్డి బస్సులో చదువుతూ ఏడుస్తుంటే కండక్టర్ వచ్చి, "ఎవరన్న పోయిండ్రా సార్?" అన్నాడు. "నేనే," అనబోయి, "దగ్గరివాళ్లే," అన్నాను. పాపం, ఆయన చిల్లర కూడా అడగలేదు.

పేరు గొడవ ఇంకా తెగలేదు. అమెరికాలో డేనియల్ అబ్రహాం, టై ఫ్రాంక్ అనే ఇద్దరు తమ మధ్యపేర్లు కలిపి జేమ్స్ ఎస్.ఏ. కోరీ అని ఒకే కలం పేరు పెట్టుకున్నారని, 2011 నుంచి వాళ్ల 'ఎక్స్‌పాన్స్' నవలలు ఆ పేరుతోనే వచ్చాయని తమ్ముడు చెప్పాడు. అది కూడా మొదట ఆట కోసం కట్టుకున్న లోకమేనట. మనమూ అట్లా చేద్దామన్నాడు. వెంటనే ఒప్పుకున్నాను, కలం పేరులో నా సగం ముందుంటే.

మొదటి సంపుటం చిత్తుప్రతి చదివినవాళ్లంతా బావి మెట్ల అధ్యాయాన్నే మెచ్చుకుంటున్నారు. మొన్న నిజాంసాగర్ చౌరస్తాలో ఒక మిత్రుడు నా చేయి పట్టుకుని, "ఏం రాశారు సార్ ఆ చావు!" అన్నాడు. నేను రాయలేదని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఇంతలో ఆయన నాకు చాయ్ చెప్పాడు. చాయ్ తాగుతూ కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఇంకో మాట, మన మధ్యే ఉండనీండి. కామసింహుడికి పుట్టగానే తప్పిపోయిన కవల తమ్ముడొకడు ఉన్నాడు. పుట్టుమచ్చ కుడి చెంప మీద. రెండో సంపుటంలో దింపుదామనుకుంటున్నాను. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. అవ్వకు మాత్రం ఎట్లనో అనుమానం వచ్చినట్టుంది, పోయిన ఆదివారం ఇంకో గ్లాసు కొనిపెట్టింది.