వాపుకు వందనాలు

కొత్తగూడెం రైల్వే స్టేషన్ బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. నమ్మి దిగినవాడికి భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లు, మధ్యలో గోదావరి అదనం. మా వైపు సంఘాల బోర్డులు ఆ స్టేషన్ దగ్గరే అక్షరాభ్యాసం చేయించుకున్నట్టున్నాయి. రేకుల షెడ్డు, పద్దెనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, మనిషెత్తు సౌండ్ బాక్సులు రెండు. గేటు మీద మాత్రం ‘ఇంటర్నేషనల్ మినిస్ట్రీస్’. విదేశాల మాట దేవుడెరుగు, ఆ పరిచర్య కిన్నెరసాని దాటిన దాఖలా లేదు.

మొన్న వేసవిలో అదే ఊళ్లో ఒక లాడ్జి హాల్లో సంఘ ఎదుగుదల మీద శిక్షణ అంటే వెళ్లాను. ఐదు వందలు కడితే ఒక పెన్ను, ఒక ప్యాడు, మధ్యాహ్నం బిర్యానీ టోకెను. హైదరాబాదు నుంచి దిగిన శిక్షకుడు తెర మీద ఒక గీత చూపించాడు. అది కింద మూలలో బయల్దేరి ఏలీయా అగ్నిరథంలా సరాసరి పైకి పోయింది. “మీ సంఘాలు ఇలా లేవాలి” అన్నాడు. హాలంతా హల్లెలూయ. ఆ గీత దేని లెక్కో ఎవరూ అడగలేదు. వెనక వరసలో కూర్చున్న నేనూ అడగలేదు. అప్పటికే బిర్యానీ వాసన వస్తోంది.

లేవాలంటే ముందు కనబడాలట. మా రోడ్ల పొడుగునా ఫ్లెక్సీలు అందుకే. మే నెల, బొగ్గుబావుల ఊరు, కాకి కూడా నీడ వెతుక్కునే ఎండ. ఫ్లెక్సీలో దైవజనులు మాత్రం మూడు గుండీల కోటులో నవ్వుతుంటారు. పక్కన అమ్మగారు, కింద యూత్ పాస్టర్ హోదాలో పెద్దబ్బాయి, కీబోర్డుతో చిన్నబ్బాయి. యేసయ్య పై మూలలో, ఫ్లెక్సీ వేసినవాడి ఫోన్ నంబరంత ఉంటాడు. పేరుకు ముందు ‘అపొస్తలుడు’, దానికి ముందు ‘డాక్టర్’. ఏ విశ్వవిద్యాలయమయ్యా అంటే పేరు చెబుతారు, ఊరు చెప్పరు.

కొత్తగూడెం లైను విడిపోయేచోట డోర్నకల్ ఉంది. అక్కడా ఒక డాక్టర్ ఉండేవాడు. ఆయనకు 1920లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది కేంబ్రిడ్జి. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఊరు తిరునల్వేలి వైపు. 1903లో అక్కడి తమిళ క్రైస్తవులు పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున మన అడవి అంచుకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికి డోర్నకల్ డయాసిస్‌లో విశ్వాసులు రెండు లక్షలు దాటారు.

శిక్షకుడి గీతకు ఇంతకంటే ఏం కావాలి? చిక్కల్లా ఒక్కటే, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగిన ఆ మనిషి లెక్కే వేరు. మురికి, రోగం, అప్పు, తాగుడు: ఈ నాలుగే దయ్యాలన్నాడు. మా దైవజనులు వెళ్లగొట్టే దయ్యాల్లో వీటి పేర్లు వినబడవు. అప్పు జోలికి అసలే పోరు, సౌండ్ బాక్సుల వాయిదాలు నడుస్తున్నాయి మరి. బాప్తిస్మం పొందినవాళ్ల చేత, తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, సువార్త చెప్పే భారం నాదేనని అనిపించేవాడట అజరయ్య. ఇప్పుడు చెయ్యి దైవజనులది, తల మనది, నెడితే పడాలి. పట్టుకోవడానికి వెనక ఇద్దరిని ముందే నిలబెడతారు. డోర్నకల్‌లో ఎపిఫనీ కెథీడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న, అంటే ఆయన బిషప్ అయిన ఇరవై ఆరేళ్లకు. మావాళ్లకు ముందు ఎస్టిమేటు, తర్వాత విశ్వాసులు.

పాత మిషన్ సంఘాల వాళ్లం మేం నవ్వుకోవడానికి కూడా లేదనుకోండి. మా ఆరాధనలు ఎదగకపోయినా కాంపౌండు స్థలాల కేసులు ఏపుగా ఎదుగుతున్నాయి.

విశ్వాసులు దొరికే మార్గం శిక్షకుడు గొంతు తగ్గించి చెప్పాడు: పక్క సంఘాల్లో అసంతృప్తిగా ఉన్నవాళ్లను గుర్తించాలట. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటినీ వదిలి కొండలెక్కిన కాపరి ఎంత అమాయకుడో! పక్క దొడ్డి తడిక ఎత్తితే పోయేదానికి. మా వీధిలో ఒకావిడ మూడు సంఘాల్లో మూడుసార్లు మునిగింది. మూడు రిజిస్టర్లలోనూ ఆమె ఎదుగుదలే.

మా నాయనమ్మ ఎసరు పెట్టి, బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. దాన్ని దేవుని కుండ అనేవాళ్లం. ఇంట్లో గింజలు తక్కువైన రోజు పిడికిలి చిన్నదయ్యేది, అంతే. ఆ బియ్యం ఎన్ని శేర్లయ్యాయో, కోత పండుగ వేలంలో గుమ్మడికాయ ఎవరు ఎంతకు పాడారో సంఘపెద్ద పుస్తకం తెరిచి అందరి ముందూ చదివేవాడు. ఇప్పుడు కానుకల బల్ల మీద కిరాణా కొట్లో ఉండే పలికే డబ్బా పెట్టారు. ప్రార్థన ముగిసీ ముగియకముందే “రెండు వందల రూపాయలు అందినవి” అంటుంది. మనం ఆమెన్ అంటాం. తునికాకు డబ్బులు చేతికొచ్చిన వారమే ఉజ్జీవ సభలు ఎందుకు పడతాయో పరిశుద్ధాత్మకే తెలియాలి.

ఆ డబ్బుకు లెక్క అడిగితే, అభిషిక్తుల మీద నోరెత్తకమ్మా అంటారు. అడగడం ఈ నేలకేమైనా కొత్తా? పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న రాముడికి గుడి కట్టించి, గోల్కొండకు పద్దు అప్పజెప్పలేక పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నాడని భద్రాచలంలో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. బాకీ వరహాలు చివరికి రాముడే మోసుకొచ్చి కట్టాడంటారు. దైవజనుల కొత్త కారు కిస్తీలకు అంత మహిమ అక్కర్లేదు, మనం ఉన్నాంగా.

ఇక అడవి లోపల. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మంటలు లేచిన 2005 తర్వాత పారిపోయి వచ్చిన గుత్తికోయలు చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలేసుకున్నారు. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు. గుడిసె ఎప్పుడు పీకిస్తారో తెలియదు. క్రిస్మస్ నెలలో మాత్రం వాళ్లంత విలువైన జనం లేరు. జీపులో దుప్పట్లొస్తాయి. దుప్పటికి ఒక కొస ముసలమ్మ చేతిలో, రెండో కొస దైవజనుల చేతిలో. ఫొటో పడేదాకా ఎవరూ వదలకూడదు. ఓసారి కెమెరా కుదరలేదని ఆ దుప్పటిని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఫేస్‌బుక్‌లో అది రెండు దుప్పట్లయింది. చెలమలో నీళ్లు తోడుకునే ఆ గుంపుకు బోరు వేయిస్తామన్న మాట ఏ ఫొటోలోనూ పడలేదు.

శిక్షణ చివర ఒక ఫారం పంచారు. నా పక్కన చర్ల వైపు నుంచి వచ్చిన పెద్దాయన, కోయ గూడెంలో కాపరి, కళ్లజోడు దారంతో కట్టుకున్నాడు. ‘విశ్వాసుల సంఖ్య’ దగ్గర ఇరవై మూడు అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో ‘ఇద్దరికి జ్వరం’ అని చేర్చాడు. ‘వచ్చే ఏడాది లక్ష్యం’ అన్న గడి చాలాసేపు చూసి వదిలేశాడు. జ్వరం వాళ్లను భద్రాచలం ఆసుపత్రిలో చూపించాలి, మూడింటి బస్సు అందుకోవాలి అంటూ లేచి బిర్యానీ టోకెను నా చేతిలో పెట్టాడు.

ఫారాలు ఏరుతున్న కుర్రాడు ఆయన కాగితం చూసి ఆగాడు. “గడి ఖాళీగా ఉండకూడదు కదా అన్నా” అని నాతో అని, పెన్ను తీసి, 23 అని వేసి, దాని పక్కన ఒక సున్నా పెట్టుకుపోయాడు.