చురక: అప్లైడ్‌కీ అప్రూవ్డ్‌కీ మధ్య

దుండిగల్ వైపు వెంచర్ల బోర్డుల మీది ఇంగ్లిష్ మాటలు చూపుకి చుట్టాలు, అర్థానికి ఆమడ దూరం. ‘హెచ్‌ఎండీఏ ప్రపోజ్డ్’ అంటే హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) అనుమతి అడిగే ఉద్దేశం ఉందని. ‘అప్లైడ్’ అంటే దరఖాస్తు పెట్టారని. అది ఎవరైనా పెట్టొచ్చు. ‘అప్రూవ్డ్’లో మళ్లీ రెండు రకాలు. డ్రాఫ్ట్ అనుమతి వచ్చాక రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు వేయాలి. అప్పటిదాకా కొన్ని ప్లాట్లు హెచ్‌ఎండీఏకి తనఖాలో ఉంటాయి. పనులు చూసి ఫైనల్ ఇచ్చాకే అవి విడుదల. బోర్డు మీద మాత్రం ‘అప్రూవ్డ్’ ఏనుగంత, ‘డ్రాఫ్ట్’ చీమంత.

‘రిజిస్టర్డ్’ మరీ గడుసుది. సబ్‌రిజిస్ట్రార్ ముద్ర పడితే అమ్మకం నమోదైనట్టే గానీ లేఅవుట్ పాసైనట్టు కాదు. ఆ తేడా తెలియకనో, తెలిసి కూడానో కొన్నవాళ్లు ఎందరంటే, 2020లో ప్లాట్ల క్రమబద్ధీకరణకు తెలంగాణ అంతటా పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చి పడ్డాయి. (వాటినీ ‘అప్లైడ్’ అనే అనాలి.)

2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన కొత్త లేఅవుట్‌కు రెరా నంబరు లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. బయానా ఇచ్చే ముందు ఆ నంబరు అడగండి.