పొయ్యి లోపల, జనరేటర్ బయట

న్యూ హ్యాంప్‌షైర్‌లో చలికాలం కరెంటు పోతే ముందు చెట్లను తిట్టుకోవాలి. మంచువాన కురిసి కొమ్మల మీద గడ్డకడుతుంది. ఆ బరువుకి కొమ్మలు విరిగి తీగల మీద పడతాయి. 2008 డిసెంబరులో అలా రాష్ట్రంలో 4 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని ఇళ్లకు రెండు వారాల దాకా రాలేదు.

ఇక్కడ కొన్ని ఇళ్లలో, మా ఇంట్లో కూడా, పెల్లెట్ స్టవ్ అని ఒకటుంటుంది. రంపపు పొట్టును గట్టిగా నొక్కి, కోళ్ల దాణాలాంటి గుళికలు చేసి, 40 పౌండ్ల బస్తాల్లో అమ్ముతారు. మండేది చెక్కే. కానీ గుళికలను మంటలోకి తోయడానికి ఒక మోటారు, పొగను బయటికి నెట్టడానికి ఒక ఫ్యాను, వేడిని గదిలోకి ఊదడానికి ఇంకో ఫ్యాను, అగ్గి రాజేయడానికి ఒక కడ్డీ, వీటన్నిటి మీద పెత్తనానికి ఒక సర్క్యూట్ బోర్డు. కరెంటు పోతే సిబ్బంది మొత్తం సమ్మెకు దిగుతుంది.

“అగ్గిపెట్టె ఉండగా పొయ్యికి కరెంటేంటయ్యా?” అన్నారు మా మామగారు. ఆయన లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. మనవడిని చూడ్డానికి తెనాలి నుంచి వచ్చి, మంచువానకు చిక్కారు.

మా దగ్గర చిన్న ఇన్వర్టర్ జనరేటర్ ఉంది. మోటు రకాలిచ్చే ఎగుడుదిగుడు కరెంటు సర్క్యూట్ బోర్డుకు అరగకపోవచ్చు. ఇది సాఫీగా ఇస్తుంది. తగాదా అంతా దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే. మామగారి ఓటు గ్యారేజీకి. “తలుపు తీసే ఉంచుదాం. పాపం, మంచులో తడుస్తుంది.”

దుకాణాల మెట్ల మీదే జనరేటర్లు మోగిన ఊళ్లు చూసినవారాయన. ఇక్కడేమో చలి దూరకుండా ఇళ్లను బిగించి కడతారు. జనరేటర్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తలుపు తట్టే మర్యాద అసలే లేదు. ఒక్క జనరేటర్ వందల కార్లంత విషం వదలగలదని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ మొత్తుకుంటోంది. తలుపు బార్లా తీసినా గ్యారేజీ పనికిరాదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటివైపు చూడకుండా, పైన తడవకుండా చిన్న పందిరితో పెట్టాలి. ఇంట్లో బ్యాటరీ అలారాలు ఉండాలి.

“వాసనొస్తే ఆపేద్దాంలే.”

“రాదండీ. అదే దాని ప్రత్యేకత.”

మామగారు అలిగి శాలువా కప్పుకున్నారు.

ఈలోగా రెండు కొసలా ప్లగ్గులున్న తీగతో జనరేటర్‌ను గోడ సాకెట్‌కు కలిపితే ఇల్లంతా వెలుగుతుందని మా ఆవిడ చెవిన ఎవరో వేశారు. శాలువా ఎగిరిపడింది. “లైన్లో కరెంటు ఆపించి, ఎల్సీ తీసుకుని స్తంభం ఎక్కినవాడి మీదికి మనింట్లోంచి ఎదురు కరెంటు పంపిస్తావుటే? ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులు చేసి మరీ ఇస్తుంది!” ఇంటిని బయటి లైను నుంచి విడదీసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ బిగించనిదే ఇంటి వైరింగ్ జోలికి పోకూడదని తీర్పు చెప్పారు. ఆరుబయట వాడే లావుపాటి తీగను ఆయనే ఎంచి, స్టవ్ ఒక్కదానికే కలిపించారు. గ్యారేజీలో పోయిన పరువు తీగ దగ్గర తిరిగొచ్చింది.

ఇక వరస. ముందు జనరేటర్ నడిచి నిలకడ పడాలి, ఆ తర్వాతే స్టవ్. ఆపేటప్పుడు తలకిందులు: స్టవ్ ఆపి, అది చల్లారి ఫ్యాన్లు వాటంతటవే ఆగాక జనరేటర్. తొందరపడి కరెంటు తీస్తే పొగ గదిలోకి రావచ్చు. పెట్రోలు కూడా ఇంజను చల్లారాకే పోయాలి.

అప్పుడు అత్తగారు ఎలక్ట్రిక్ కెటిల్ పట్టుకొచ్చారు. మామగారు కాగితం తీశారు. జనరేటర్ డబ్బా మీది 2000 వాట్లు తొలి ఊపుకే, నికరంగా ఇచ్చేది 1600. కెటిల్‌కు 1500. స్టవ్ రాజుకునేటప్పుడు సుమారు 400, మంట అందుకున్నాక వంద పైచిలుకు. ఎటు కూడినా గీత దాటుతోంది.

“కుదరదు,” అన్నారాయన.

అత్తగారు స్టవ్ పైభాగం మీద చెయ్యి పెట్టి చూశారు. నీళ్లు మరిగేంత వేడి లేదక్కడ. వేడంతా ఫ్యాను గదిలోకి ఊదేస్తోంది.

“ఇంతమందిచేత ఇంత చాకిరీ చేయించుకుని, గుక్కెడు టీ కూడా పెట్టదుటండీ మీ పొయ్యి?”

ఆ ఒక్కదానికీ లైన్ ఇన్‌స్పెక్టర్ దగ్గర లెక్క లేదు.