గ్యాస్ ఫ్రీయే సేటూ!

నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందులో మా మేనమామకు లాడ్జి ఉంది. దాని పెరట్లో జనరేటరు కోసం ఎప్పుడో పాతించిన 5 వేల లీటర్ల డీజిల్ ట్యాంకు. కరెంటు కోతలు తగ్గాయి, జనరేటరును అమ్మేశారు, ట్యాంకు మాత్రం రిటైరయ్యాక కూడా ఆఫీసుకొచ్చే గుమాస్తాలా అక్కడే ఉండిపోయింది.

"ఆబిడ్స్‌లో ఒకతను ఉన్నాడు, తీసేస్తాడు" అన్నారెవరో. ఆబిడ్స్‌లో ఎప్పుడూ ఒకతను ఉంటాడు. ఆ చౌరస్తాకు పేరొచ్చిందే ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ పెట్టిన దుకాణం వల్ల. ఎక్కడా దొరకనిది అక్కడ దొరుకుతుందన్న నమ్మకం జనంలో ఇంకా పోలేదు.

వచ్చాడు. విజిటింగ్ కార్డు మీద బోరింగు, ఫాల్స్ సీలింగు, పాత ఇనుము, చెదల మందు అని ఉన్నాయి. ట్యాంకు అని లేదు. అడిగితే జేబులోంచి పెన్ను తీసి అప్పటికప్పుడే రాసిచ్చాడు.

గుంతలోకి దిగి, ఉంగరం వేలితో ట్యాంకును నాలుగు చోట్ల కొట్టి, డాక్టరు రోగి ఛాతీ విన్నట్టు చెవి పెట్టి విన్నాడు. పెదవుల మధ్య సిగరెట్టు వెలుగుతూనే ఉంది. "ఆరేడు వందల కిలోలుంటది" అన్నాడు. మేం అడిగింది ఖర్చు, అతను చెప్పింది బరువు.

ఇరానీ హోటల్లో కూర్చున్నాక వేలిని చాయ్‌లో ముంచి టేబుల్ మీద ప్లాను గీశాడు. క్రేను గీసేసరికి ట్యాంకు ఆరిపోయింది. కూలి నలభై వేలట.

"మరి స్క్రాపు ఎవరిది?" అన్నాడు మామయ్య.

"మనదే సేటూ!"

ఈ 'మన'లో మామయ్య లేడని అర్థం కావడానికి ఇంకో చాయ్ పట్టింది.

మామయ్య భయం డబ్బు గురించి కాదు. 2023 నవంబరులో ఇదే నాంపల్లిలో, బజార్‌ఘాట్‌లో, అపార్టుమెంటు కింద పెట్టిన రసాయన డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. ట్యాంకు ఖాళీగా ఉన్నా నమ్మడానికి లేదు. గ్యాస్ కటర్ వేడికి అడుగున మిగిలిన మడ్డి ఆవిరై గాలితో కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే 2002 నాటి పెట్రోలియం నియమాల ప్రకారం, నిప్పు పెట్టే పనికి ముందు తెలిసినవాడు పరీక్షించి, లోపల వాయువు లేదని రాసివ్వాలి.

"గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ తెస్తావా?" అన్నాడు మామయ్య.

"గ్యాస్ ఫ్రీయే సేటూ! సిలిండర్‌కు నేనెప్పుడన్న పైసలు తీసుకున్ననా?"

పని డిసెంబరులో అన్నాడు. తర్వాత "నుమాయిష్ ఉంది, సందులకు బండి రాదు" అన్నాడు. నుమాయిష్ అయ్యాక రంజాన్, ఆ తర్వాత బోనాలు, వినాయకుడు. హైదరాబాదులో ఇన్ని పండగలు ఉన్నాయని మామయ్యకు అరవై ఏళ్లకు తెలిసింది.

చివరికి వేరేవాళ్లను పిలిచారు. వాళ్లు మడ్డి తోడి, కడిగి, మీటరుతో చూసి, కాగితం ఇచ్చాకే ట్యాంకు మీద చెయ్యేశారు. రెండు రోజుల్లో పని అయిపోయింది. మర్నాడే మనవాడి ఫోను.

"ట్యాంకు పోయిందంట గద సేటూ. గుంత పూడుస్త, మట్టి ఫ్రీ."

ఫ్రీ అనేసరికి మామయ్య మెత్తబడ్డాడు, వెయ్యి రూపాయలు అడ్వాన్సు కూడా ఇచ్చాడు. గుంత ఇంకా అలాగే ఉంది.