బై పుణ్యమా అని సెమీఫైనల్

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ నవంబర్‌లో మొదలైతే ఏప్రిల్ మొదట్లో గానీ ముగియదు. ఒక్కో జట్టు ముప్పై మ్యాచ్‌ల దాకా ఆడుతుంది. కర్నూలులో మా కాలేజీ మగపిల్లల జట్టు సీజన్ పొద్దున ఉగ్గాణి, బజ్జీ తిన్నాక మొదలై, మధ్యాహ్నం అన్నానికి ముందే అయిపోయేది.

దీనికి మా ఆటనొక్కదాన్నే తిట్టకూడదు. ఒకప్పుడు కడప కాలేజీలు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద, కర్నూలు కాలేజీలు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ కింద ఉండేవి. 2006లో కడపకు యోగి వేమన, 2008లో కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. చదువులు ఇంటి ముంగిటికి వచ్చినందుకు సంతోషమే. కానీ అంతర కళాశాలల పోటీకి వచ్చే జట్లు తగ్గిపోయాయి. అందులోనూ కబడ్డీకి, వాలీబాల్‌కు ఎగబడే మా సీమలో బాస్కెట్‌బాల్ ఆడే కాలేజీలెన్ని? పైగా నాకౌట్ పద్ధతి. ఓడితే మూటాముల్లె సర్దుకోవడమే.

జట్టు ఎంపిక అడ్మిషన్ల రోజే జరిగిపోయేది. పీడీ సారు క్యూ పక్కన నిలబడి తలలు చూసేవాడు. "రేయ్, బాగా ఎత్తుండావే! యా గ్రూపు?" అంటే చాలు, వాడు జట్టులో పడ్డట్టే. రింగు పదడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి సారు లెక్క సారుది. ఇంకా తక్కువపడితే కబడ్డీ వాళ్లను తెచ్చేవాడు. దొరికినవాణ్ని వదిలిపెట్టడం వాళ్ల వంశంలోనే లేదు. ఐదు ఫౌళ్లకు బయటికి పంపుతారన్న రూలు వాళ్లకు మ్యాచ్ మధ్యలో తెలిసేది.

మాది సిమెంటు కోర్టు. పొద్దున పూట రింగు కింద వాకింగ్ పెద్దమనుషులు ప్రాణాయామం చేసేవాళ్లు. వాళ్లు లేచేసరికి కర్నూలు ఎండ కూర్చునేది. రింగుకు వల ఉండేది కాదు. 1891లో నైస్మిత్ దొర ఈ ఆట కనిపెట్టినప్పుడు పీచ్ పండ్ల బుట్టలు కట్టాడట. అడుగున్న బుట్టలు కావడంతో బంతి పడినప్పుడల్లా నిచ్చెనెక్కి తీయాల్సి వచ్చేది. ఆయనకు పడిన బంతి దిగేది కాదు, మాకేమో బంతి పడిందో లేదో తేలేది కాదు. అందుకే ప్రాక్టీసులో ఆటకన్నా పంచాయితీ ఎక్కువ.

ఆ ఏడు పోటీలు నంద్యాలలో. పల్లెవెలుగు బస్సు ఓర్వకల్లు దాటేదాకా వ్యూహాలు, పాణ్యం వచ్చేసరికి గురకలు. డ్రాలో మాకు బై తగిలింది. అంటే ఆడకుండానే గెలుపు! ఆ గెలుపులో మేం చూపిన క్రమశిక్షణ మళ్లీ ఎన్నడూ చూపలేదు. ఒక్క ఫౌలు లేదు, ఒక్క పాసు తప్పలేదు. నేరుగా సెమీఫైనల్‌లో తేలాం. అక్కడ అవతలి జట్టు బంతిని నేలకు కొడుతూనే పరిగెత్తింది. మేం ఈ రెండు పనులూ విడివిడిగా బాగానే చేసేవాళ్లం.

మర్నాడు కాలేజీ నోటీసు బోర్డు మీద 'సెమీఫైనల్‌కు చేరిన మన జట్టుకు అభినందనలు' అని రాశారు. కడపలో చదివే మా బావ ఫోన్ చేస్తే గొప్పగా చెప్పాను. వాడూ అక్కడి కాలేజీ జట్టులోనే ఉన్నాడు.

"మీ సీజన్ ఎట్ల పాయ బావా?" అన్నాను.

"బ్రహ్మాండం. మేమూ సెమీసే."

"ఎన్ని గెల్చినారు?"

"మీరెన్ని గెల్చినారో అన్నే," అన్నాడు.

తర్వాత తెలిసిందేమంటే, అమెరికాలోనూ చివరికి నాకౌటేనట. మార్చిలో 68 జట్లు దిగితే, ఒక్కటి తప్ప తక్కిన 67 జట్లూ ఓడే ఇంటికి పోతాయట. అంత పెద్ద జట్లు నెలల తరబడి చెమటోడ్చి, విమానాల్లో తిరిగి చేరుకునే చోటికి మేం పల్లెవెలుగులో ఒక్క పూటలో చేరుకున్నాం. ఖర్చు కూడా ఎంతో కలిసొచ్చింది, ఎందుకంటే మా డీఏ ఇంతవరకూ రాలేదు.